కాటన్ దొరకి బిషప్ కాటన్ ఏమవుతాడు?

బెంగుళూరులో మా ఆఫీసు బస్సు సెయింట్ మార్క్స్ రోడ్డు మీదుగా వెళ్తుంది. సిగ్నల్ పడితే సరిగ్గా బిషప్ కాటన్ స్కూలు గోడ పక్కన ఆగుతుంది. మా టీంలో అమలాపురం కుర్రాడొకడున్నాడు. ఓ రోజు కిటికీలోంచి ఆ బోర్డు చూపించి, "అదిగో గురూ, మా కాటన్ దొర బడి" అన్నాడు. "ఒరేయ్, మీ దొర ఇంజినీరు, ఈయన బిషప్పు. పేరు కలిస్తే చుట్టాలైపోతారా? మన ఆఫీసులో రావులందరూ ఒకే ఇంటివాళ్ళా?" అన్నాను. వాడు తగ్గలేదు, నేనూ తగ్గలేదు. సిగ్నల్ పచ్చగా మారేలోపు బిర్యానీ పందెం కూడా కట్టేసుకున్నాం.

పందెం కట్టాక నిరూపించాలి కదా. రెండు వారాంతాలు అనుకున్నది నాలుగు నెలలు పట్టింది. ఈ నాలుగు నెలల్లో ఇంగ్లాండులో ఒక భూస్వామి కుటుంబానికి సంబంధించి నేను తెలుసుకున్నంత, మా సొంత ఇంటి గురించి ఇరవై తొమ్మిదేళ్ళలో తెలుసుకోలేదు. ఆ బాధ కూడా చెప్పుకోవాలి, చివర్లో చెప్తాను.

ముందొక మాట. మాది రావికమతం. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. గోదావరి డెల్టాతో మాకు సంబంధం లేదు. మాకు నీళ్ళంటే కళ్యాణపులోవ రిజర్వాయరు, చెరువులు, బోర్లు, ఆపైన వాన. పంటంటే చెరుకు, పండిన చెరుకు గోవాడ ఫ్యాక్టరీకో బెల్లం గానుగకో పోయేది. అందుకని మా ఇళ్ళల్లో కాటన్ దొర ఫోటో ఉండదు. నేను మొదటిసారి ఆయన్ని "కలిసింది" 2015 జూలైలో, గోదావరి పుష్కరాలప్పుడు.

ఇంటిల్లిపాదీ రాజమండ్రి వెళ్ళాం. రేవులో నాన్న పిండప్రదానానికి కూర్చున్నాడు. పంతులుగారు గోత్రం అడిగారు. మాకు తెలీదు. "అయితే కాశ్యప" అన్నారు. తరవాత తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడిగారు. నాన్న గడగడా చెప్పాడు. ఆడవాళ్ళ వరస వచ్చింది. తల్లి పేరు చెప్పాడు, నాయనమ్మ పేరు చెప్పాడు, తాతగారి తల్లి పేరు దగ్గర ఆగిపోయాడు. ఆయన రెండు నిమిషాలు చూసి "ఫర్వాలేదు, గంగ అనుకోండి" అని కానిచ్చేశారు. పక్కన ఎవరో డెల్టా రైతు కుటుంబం. వాళ్ళ పెద్దల పిండాలన్నీ అయ్యాక ఇంకొకటి పెట్టారు. ఎవరికని చూస్తే, కాటన్ దొరకి. వెనక్కి నడుస్తూ నాన్న అన్న మాట నాకింకా గుర్తు: "ఎక్కడో పుట్టిన దొరకి ఈ రేవులో పేరుంది. మా తాతని కన్న తల్లికి పేరు నేదు."

సరే, అసలు పనికొద్దాం.

ఇలాంటి పని మొదలుపెట్టగానే ఎవరైనా చేసే తప్పే నేనూ చేశాను. కాటన్ అని కనిపించిన ప్రతివాడినీ ఒకే చెట్టుకి వేలాడదీశాను. మొదట దొరికింది సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571-1631). ఆయన పోగేసిన రాతప్రతులే తరవాత బ్రిటిష్ లైబ్రరీకి పునాదుల్లో ఒకటయ్యాయి. మాగ్నా కార్టా ప్రతులు కూడా అందులో ఉన్నాయి. ఆహా ఏం వంశం అనుకున్నాను. తీరా చూస్తే ఆయన హంటింగ్‌డన్‌షర్‌లో కానింగ్టన్ కాటన్లు, మన దొర చెషర్‌లో కంబర్‌మియర్ కాటన్లు. ఆ కొమ్మ కొట్టేశాను. తరవాత సర్ హెన్రీ కాటన్. 1904లో బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షుడు, పుట్టింది కుంభకోణంలో. మన దొర కూడా కావేరి, కొల్లిడం మీద పనిచేసినవాడే కాబట్టి ఖాయం అనుకున్నాను. అదీ కాదు. ఆయనది తరతరాలుగా ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వేరే కాటన్ల ఇల్లు. డేటాబేసులో పేరుని ప్రైమరీ కీగా పెట్టుకున్నవాడికి పట్టే గతి నాకూ పట్టింది.

అసలు కాటన్ అనే ఇంటిపేరుకీ పత్తికీ సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో "గుడిసెల దగ్గర" అని అర్థం వచ్చే ఊరి పేరది. ఇంగ్లాండులో ఆ పేరుతో బోలెడు ఊళ్ళున్నాయి, కాబట్టి బోలెడు ఇంటిపేర్లు కూడా. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరైనట్టే. ఒకే ఊరి నుంచి వలసపోయిన నాలుగు కులాలవాళ్ళకి ఒకే ఇంటిపేరుంటే వాళ్ళు చుట్టాలైపోరు కదా. అయితే కంబర్‌మియర్ కాటన్లు మాత్రం పేరుతో సరదా పడ్డారు. వాళ్ళ వంశ చిహ్నంలో మూడు నూలు చిలపలు ఉంటాయి :)

మరి పేరు పనికిరాకపోతే పట్టుకునేదేంటి? నడిమి పేర్లు. ఇది తెలిశాకే నా పని సాగింది. ఈ కుటుంబాల్లో ఆస్తి తెచ్చిన కోడలి పుట్టింటి పేరుని పిల్లలకి నడిమి పేరుగా పెట్టే అలవాటుంది. మన దొర తండ్రి పేరు హెన్రీ కాల్వ్‌లీ కాటన్. తాత పేరు సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్. కాల్వ్‌లీ, లించ్, సాల్స్‌బరీ, ఈ మూడూ వేరే ఇళ్ళ పేర్లు. అంటే మూడు ఫారిన్ కీలు. ఇప్పుడు బిషప్పు పూర్తి పేరు చూడండి: జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఆ లించ్ కనపడగానే బిర్యానీ చేజారిపోతున్నట్టు అనిపించింది నాకు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే కథ 1538లో మొదలవుతుంది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ రద్దు చేసి భూములు లాక్కుంటున్న రోజులు. ఆ పని నడిపించినవాడు మంత్రి థామస్ క్రామ్‌వెల్. చెషర్‌లో కంబర్‌మియర్ అని 1133లో కట్టిన మఠం ఒకటుంది. 1538 జూలైలో దాన్ని రాజుకి స్వాధీనం చేశారు. మరుసటేడు రాజు దాన్ని తన కొలువులో ఉన్న సర్ జార్జ్ కాటన్‌కి ఇచ్చాడు. ఈయన రాజుగారికి పెళ్ళి బయట పుట్టిన కొడుకు హెన్రీ ఫిట్జ్‌రాయ్ ఇంట్లో అధికారి. మొత్తానికి నమ్మకస్తుడికి దక్కిన ఈనాం. సన్యాసుల భూమి ఒక సంసారి ఇంటికి ఆస్తి అయింది, ఆ ఇల్లు దాన్ని 1919 దాకా పట్టుకుని అప్పుడు అమ్ముకుంది.

నాకు నచ్చిన విషయం ఇంకొకటి. అదే 1538లో, అదే క్రామ్‌వెల్ ఇంకో హుకుం కూడా జారీ చేశాడు. ప్రతి చర్చిలో ఒక పుస్తకం పెట్టి ఆ ఊళ్ళో జరిగిన బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు వారం వారం రాయాలని. ఇంగ్లాండులో ఈరోజు ఎవరు వంశవృక్షం వేసుకున్నా ఆ పుస్తకాలే ఆధారం. మఠం భూముల్ని కాటన్లకి దక్కేలా చేసినవాడూ, కాటన్ల లెక్కలు మనకి దక్కేలా చేసినవాడూ ఒకడే. అక్కడ పాలేరుకి పుట్టిన పిల్ల పేరు కూడా అందులో పడుతుంది. మనకి జనన మరణాల నమోదు చట్టం దేశమంతటికీ ఒకటిగా వచ్చింది 1969లో.

జెంట్రీ అన్న మాట గురించి రెండు ముక్కలు. వీళ్ళు మన సినిమాల్లో లార్డుల్లాంటివాళ్ళు కారు. ప్రభువుల సభలో కుర్చీ ఉండదు. అలాగని నాగలి పట్టే రైతులూ కారు. భూమి కౌలుకిచ్చి, ఆ కౌలు మీద బతికే మోతుబరులు. వంశ చిహ్నం వాడే హక్కుంటే జెంట్రీ. ఆ హక్కు ఎవరికుందో చూడ్డానికి 1530 నుంచి 1688 దాకా రాజుగారి హెరాల్డులు గుర్రాలెక్కి జిల్లాలన్నీ తిరిగేవారు. "నీ తాత ఎవరు, కాగితాలేవీ" అని అడిగి చార్టు గీసుకునేవారు. చూపించలేనివాడిచేత నాకు ఆ హక్కు లేదని ఒప్పించి, పేర్లు అందరికీ తెలిసేలా ప్రకటించేవారు. మన కంపెనీల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనే, కాకపోతే ఊరందరి ముందూ. వీళ్ళ మీద ఒక మెట్టు బారోనెట్. ఇది ఒకటో జేమ్స్ రాజు 1611లో డబ్బు కోసం కనిపెట్టిన బిరుదు. ఐర్లాండులో ముప్ఫై మంది సిపాయిలకి మూడేళ్ళ జీతం కట్టినవాడికి పేరు ముందు "సర్", అదీ వంశపారంపర్యంగా. కాటన్లకి ఈ బిరుదు 1677లో రెండో చార్లెస్ రాజు దగ్గర దొరికింది.

ఆ మొదటి బారోనెట్ సర్ రాబర్ట్ కాటన్ పెళ్ళాడింది వేల్స్‌లో లెవెనీ ఎస్టేటు సాల్స్‌బరీల అమ్మాయి హెస్టర్‌ని. ఆవిడ అన్నదమ్ములకి వారసులు లేక ఆ ఎస్టేటంతా కాటన్లకి వచ్చింది. సాల్స్‌బరీ అన్న నడిమి పేరు అలా వచ్చింది. వీళ్ళ కొడుకు సర్ థామస్ చేసుకున్నది ఫిలడెల్ఫియా లించ్‌ని. ఈ పిల్ల తండ్రి సర్ థామస్ లించ్, జమైకా గవర్నరు. 1672లో సముద్రపు దొంగ హెన్రీ మోర్గాన్‌ని పట్టించి లండన్ పంపించినవాడు. (రమ్ము సీసా మీద బొమ్మ ఉంటుందే, ఆ కెప్టెన్ మోర్గానే.) అయితే ఈ లించ్ వట్టి గవర్నరు కాదు, జమైకాలో పెద్ద తోటల యజమాని. పదిహేడో శతాబ్దంలో జమైకాలో తోట అంటే ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చేయించే సాగు. దొర తాతకి పెట్టిన "లించ్" అన్న పేరులో ఆ చరిత్ర ఉంది.

మేం చెరుకు పండించేవాళ్ళం. చెరుకు నరకడం అంటే ఏంటో, ఎండలో ఆ ఆకు ఒంటిని ఎలా కోస్తుందో చిన్నప్పుడు సెలవుల్లో కాస్త చూశాను. అందుకే ఇక్కడ కొన్నాళ్ళు ఆగిపోయాను. బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, వాళ్ళ యజమానులకి. ఆ లెక్కలన్నీ ఇప్పుడు లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళ డేటాబేసులో వెతుక్కోవచ్చు. కంబర్‌మియర్ అని కొడితే మొదటి వైకౌంట్ కంబర్‌మియర్ వస్తాడు. నీవిస్, సెయింట్ కిట్స్ ద్వీపాల్లో 420 మంది బానిసలు, 7,195 పౌండ్ల పరిహారం. ఈ వైకౌంట్ అసలు పేరు స్టేపుల్టన్ కాటన్, మన దొర తండ్రికి అన్నగారి కొడుకు. 1799లో టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. స్పెయిన్‌లో నెపోలియన్ సేనల మీద ఆశ్విక దళాన్ని నడిపాడు. 1826లో భరత్‌పూర్ కోట పడగొట్టాడు, ఆ దోపిడీ సొమ్ములో పెద్ద వాటా కూడా అందుకున్నాడు. "వైకౌంట్" అయింది ఆ విజయానికే.

ఇక్కడ మన భాష గొప్పతనం ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈయన్ని దొరకి "కజిన్" అని రాసి ఊరుకుంటారు. ఇంకోచోట డాక్టర్ జాన్సన్ స్నేహితురాలు, రచయిత్రి హెస్టర్ త్రేల్ కూడా కజినే. బిషప్పూ కజినే. ఏ కజినో తేల్చుకోలేక తల పట్టుకున్నాను. చివరికి ఒక తెల్ల కాగితం తీసుకుని అన్నీ తెలుగు వరసల్లో రాసుకుంటే పది నిమిషాల్లో చిక్కు వీడిపోయింది. స్టేపుల్టన్, దొరకి పెదనాన్న కొడుకు. హెస్టర్ త్రేల్ తల్లి సర్ లించ్‌కి చెల్లెలు, కాబట్టి హెస్టర్ దొర తండ్రికి మేనత్త కూతురు, మనమైతే వరసైన పిల్ల అని ఆటపట్టించేవాళ్ళం. 1774లో ఆవిడ జాన్సన్‌ని వెంటబెట్టుకుని కంబర్‌మియర్‌కి చుట్టపుచూపుగా వెళ్ళింది కూడా. ఒక్కో మాటలోనే తరం, తల్లి వైపో తండ్రి వైపో, పెద్దో చిన్నో అన్నీ వచ్చేస్తాయి. ఇంత మంచి డేటా టైపులు పెట్టుకుని మనం అందర్నీ "మా కజిన్" అనడం మొదలెట్టాం, అదేం ఖర్మో.

మరి ఇంత ఆస్తి ఉన్న ఇంటి పిల్లాడు ధవళేశ్వరం దాకా ఎందుకొచ్చాడు? ఈ మొత్తం వెతుకులాటలో నాకు దొరికిన అసలైన జవాబు ఇదే: ఆ ఆస్తి ఆయనది కాదు కాబట్టి. మన దగ్గర నలుగురు కొడుకులుంటే పొలం నాలుగు ముక్కలవుతుంది, గట్టు కోసం తలలు పగులుతాయి. అక్కడ భూమి, ఇల్లు, బిరుదు మొత్తం పెద్దకొడుకుకే. మిగతావాళ్ళకి కాస్త చదువు, కాస్త డబ్బు, నాలుగు సిఫార్సు ఉత్తరాలు. సైన్యమో చర్చో కోర్టో కంపెనీ కొలువో చూసుకోవాలి. అందుకే మఠం భూమి ఇచ్చిన జార్జ్ నుంచి తొమ్మిది తరాలైనా కంబర్‌మియర్ చెక్కుచెదరలేదు. ఆ చెక్కుచెదరకపోవడానికి ఖరీదు చిన్న కొడుకులు చెల్లించారు. ఆ చిన్న కొడుకులు ఎక్కడెక్కడికి వెళ్ళారో అక్కడివాళ్ళు కూడా చెల్లించారు.

దొర తండ్రి హెన్రీ కాల్వ్‌లీ చిన్న కొడుకు. ఆయనకి పదకొండు మంది మగపిల్లలు, అందులో మన ఆర్థర్ పదోవాడు. చిన్న కొడుక్కి పదో కొడుకు! కంబర్‌మియర్‌లో చెట్టు మీద కాయ కూడా ఆయనకి రాదు. 1803లో పుట్టాడు. పదిహేనో ఏట లండన్ పక్కన ఆడిస్కోంబ్‌లో కంపెనీ సైనిక విద్యాలయంలో చేరాడు. అందులో సీటు రావాలంటే ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు ఎవరైనా నామినేట్ చెయ్యాలి. అచ్చంగా మన రెఫరల్ పద్ధతి. రైతుబిడ్డకి ఎంత లెక్కలొచ్చినా ఆ గుమ్మం తెరుచుకోదు, కాటన్ల పదో కుర్రాడికి తెరుచుకుంటుంది. 1819లో మద్రాసు ఇంజినీర్లలో ఉద్యోగం, 1821లో ఇండియా. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా అదే మద్రాసు ఇంజినీర్లలో చేరాడు. ఒకన్నయ్య రిచర్డ్ లించ్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యాడు.

ఇంకో అన్న సిడ్నీ. సైన్యంలో చేరాడు. 1857లో పెషావర్ బ్రిగేడుకి అధిపతి. ఆ జూన్‌లో, తిరగబడి పారిపోతూ దొరికిన 55వ పటాలం సిపాయిలు నలభై మందిని పరేడ్ మైదానంలో ఫిరంగి మూతులకి కట్టి పేల్చేశారు. అప్పుడు అక్కడ సైన్యం ఆయన చేతికిందే ఉంది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అయిదేళ్ళు. 1844లో ఆర్థర్ రిపోర్టు రాశాడు, 1847లో పని మొదలైంది, 1852లో అయిపోయింది. 1833 కరువులో జనం రాలిపోయిన డెల్టాలో నీళ్ళు పారుతున్నాయి. ఇవాళ్టికి దాని కింద సుమారు పది లక్షల ఎకరాలు. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు. అమలాపురం కుర్రాడికి సిడ్నీ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్న చేసిందానికి తమ్ముడు ఏం చేస్తాడు గురూ, మా దొర మాకు నీళ్ళిచ్చాడు" అన్నాడు. నిజమే, కాదనను. కానీ పిండం పెట్టేది వంశానికి కదా, ఒక్క మనిషికి కాదు కదా అని నాకో పీకులాట. మా మిత్రుడి తాతలు తిన్న అన్నానికి కంబర్‌మియర్ కౌలుదార్లు, జమైకా బానిసలు కూడా ఏదో ఒక మూల బాకీదార్లా, అప్పులిచ్చినవాళ్ళా? వంశవృక్షం గీసేవాడికి ఈ ప్రశ్న తప్పదు.

దొర కూతురి సంగతి చెప్పకుండా ఉండలేను. 1841లో టాస్మానియాలో ఎలిజబెత్ లియర్మంత్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటేడు పుట్టిన కూతురు, తల్లి పేరే పెట్టారు, అడ్మిరల్ జేమ్స్ హోప్‌ని చేసుకుని లేడీ హోప్ అయింది. 1900లో తండ్రి జీవితచరిత్ర రాసింది. మనకి తెలిసిన కాటన్ కథల్లో చాలావాటికి ఆ పుస్తకమే మూలం. ఈ లేడీ హోపే, డార్విన్ ముసలితనంలో మంచం మీద బైబిలు చదువుతూ పరిణామ సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడని చెప్పింది. 1915లో అమెరికా పత్రికలో అచ్చయింది. డార్విన్ పిల్లలు అదంతా ఉత్తదే అని ఖండించారు. ఫార్వార్డ్ మెసేజిలకి ఆదిగురువు అన్నమాట. అందుకని దొర గురించి ఆవిడ రాసినవాటిలో రిపోర్టులతో సరిపోలిన తేదీలే తీసుకున్నాను. ఇంటివాళ్ళు రాసిన వంశచరిత్రలన్నిటికీ ఇదే మందు. బర్క్ అనే ఆయన 1826లో మొదలెట్టిన ప్రభువుల వంశాల పుస్తకాల్నే ఫ్రీమన్ అనే చరిత్రకారుడు 1877లో కట్టుకథల పుట్ట అని ఉతికేశాడు. డబ్బొచ్చాక తాతలు కూడా పుట్టుకొస్తారు, ఎక్కడైనా.

ఇక బిర్యానీ. సర్ లించ్ కొడుకుల్లో జార్జ్ కాటన్ అని ఒకాయన చెస్టర్ చర్చికి డీన్. మన దొరకి పెదనాన్న. ఆయన కొడుకు కెప్టెన్ థామస్ కాటన్, 1813 నవంబరులో నివెల్ యుద్ధంలో పోయాడు. ఆయన పోవడానికి రెండు వారాల ముందే చెస్టర్‌లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడే జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్, కలకత్తా బిషప్. 1866లో తూర్పు బెంగాల్లో కుష్టియా దగ్గర పడవెక్కుతూ పలక మీంచి జారి నదిలో పడిపోయాడు, శవం కూడా దొరకలేదు. బెంగుళూరు బడికి ఆయన పేరే. అంటే బిషప్ తండ్రి దొరకి అన్న వరస. బిషప్‌కి కాటన్ దొర బాబాయి! పందెం ఓడిపోయాను. కుర్రాడు రెండు ప్లేట్లు తిన్నాడు.

బాధ చివర్లో చెప్తానన్నాను కదా. ఈ నాలుగు నెలల తరవాత ఖాళీ ఫైలు ఒకటి తెరిచి మా వంశం ఎక్కించబోయాను. నాన్న పుష్కరాల్లో చెప్పిన పేర్లు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. మా ముత్తాత కంబారి, అంటే పాలేరు. సొంత భూమి లేదు. భూమి లేనివాడు అడంగల్లో ఉండడు, దస్తావేజులో ఉండడు, కోర్టు తగాదాలో ఉండడు. కరణంగారి పుస్తకాల్లో దున్నినవాడి పేరు ఉండాలంటే శిస్తు వాడి పేరు మీద ఉండాలి. చర్చి పుస్తకం లాంటిది మనకి లేదు. కాటన్ల చెట్టు తొమ్మిది తరాలు నిలబడింది రక్తం గొప్పదై కాదు, కింద ఎస్టేటు ఉంది కాబట్టి. అయితే అక్కడ కూడా ఒకటి గమనించాను. హెస్టర్, ఫిలడెల్ఫియా పేర్లు మిగిలాయంటే ఆస్తి వెంట తెచ్చారు కనక. ఏమీ తేని కోడళ్ళు చాలామంది "ఫలానా ఊరి ఫలానావాడి కూతురు" దగ్గరే ఆగిపోయారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మేడివాడలో నాన్న మేనత్త ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటింది. నాన్నకి పేరు దొరకని ఆ తల్లి ఈవిడకి సొంత నాయనమ్మ. ఇన్నేళ్ళలో ఈవిడని అడగాలని మా ఎవరికీ తట్టలేదు, చూడండి.

"మామ్మా, మీ నాయనమ్మ పేరేంటి?"

"పేరేటిరా బాబూ, అందరూ దొండపూడిదాన అనీవోరు. దొండపూడి నుంచి వచ్చింది కదా."

"అసలు పేరు?"

చాలాసేపు గడప వైపు చూసింది. "మా తాత ఒక్కడే పిలిసీవోడు. ఆవిడకి ఒంట్లో బాగోనప్పుడు. సిట్టెమ్మా, సిట్టెమ్మా అని. అది పేరో, ముద్దుకన్నాడో నాకు తెల్దు. నాను సిన్నపిల్లని."

ఇంకేం గుర్తున్నాయని అడిగితే, చెరుకు నరికే కత్తి ఎడంచేత్తో పట్టేదని చెప్పింది.

రాత్రి నాన్నకి చూపించి ఫైల్లో ఎక్కించాను. పేరు: చిట్టెమ్మ. పుట్టిన ఊరు: దొండపూడి. పుట్టిన తేదీ ఖాళీ. గమనిక అన్న చోట, ఎడమచేతివాటం. నాన్న అదే ఒక కాగితం మీద విడిగా రాసుకుని పర్సులో పెట్టుకున్నాడు. ఎందుకంటే, "2027లో మళ్ళీ పుష్కరాలొస్తాయి కదా" అన్నాడు.